హాజరు పట్టీలో మిగిలిన పేర్లు

సూరత్‌లో బతికే తెలుగువాళ్లకు ఏటా పదమూడు రోజుల వ్యవధిలో మూడు ముఖ్యమైన రోజులు వస్తాయి. ఆగస్టు 24 గుజరాతీ భాషా దినోత్సవం. 1833లో ఈ ఊళ్లోనే పుట్టిన కవి నర్మద్ జయంతి అది. ఆగస్టు 29 మన తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం, సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి జయంతి. ముగ్గురివీ వేరువేరు కాలాలు, వేరువేరు దారులు. అయినా ముగ్గురూ విద్యార్థుల ముందు నిలబడి పాఠం చెప్పినవాళ్లే. మా వాడలో మూడింటినీ తలుచుకుంటాం. మూడో రోజున మాత్రం సన్మాన సభ పెట్టి పంతుళ్లకు శాలువాలు కప్పుతాం. ఆ సన్మానం గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకుందామని ఈ పూట వచ్చాను.

నేను సూరత్‌లోనే పుట్టి పెరిగాను. మా నాన్నది సిరిసిల్ల దగ్గర ఒక పల్లె. కులవృత్తి నేత. చేతి మగ్గం మీద గిట్టుబాటు కాక ఊరు విడిచిన పద్మశాలి కుటుంబాల్లో మాదీ ఒకటి. కొందరు షోలాపూర్ వెళ్లారు, కొందరు భివండి వెళ్లారు, మావాళ్లు సూరత్ వచ్చారు. వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సూరత్‌లో దిగవచ్చు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చినవాళ్లు లింబాయత్, ఉధనా వైపు ఇళ్లు చూసుకున్నారు. అక్కడ లక్షల సాంచెలు నడుస్తాయి. సాంచె అంటే మర మగ్గం. సాంచెలున్న షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఒక పాళీ పన్నెండు గంటలు. పొద్దున ఏడింటికి దిగిన మనిషి రాత్రి ఏడింటికి బయటికొస్తాడు. అతను లేచిన చాప మీద రాత్రి పాళీ చేసొచ్చినవాడు పడుకుంటాడు.

ఇలాంటి వాడల్లో తెలుగు బడి ఉందంటే చాలామంది నమ్మరు. ఉంది. సూరత్ నగరపాలక సంస్థ కింద పనిచేసే నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు, మొత్తం ఏడు భాషల్లో బడులు నడుపుతోంది. పని వెతుక్కుంటూ వచ్చిన కూలీల పిల్లలకు వాళ్ల భాషలోనే అక్షరం చెప్పించే ఊరు ఇది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని మన రాజ్యాంగంలోని 350ఎ అధికరణం అంటుంది. 1956లో ఏడో సవరణతో చేరింది అది. ఆ వాక్యం ఢిల్లీలో ఉంది. దాన్ని మా వాడలో రోజూ నిజం చేసినవాళ్లు, చేతిలో సుద్దముక్కతో తరగతి గదిలోకి వచ్చిన మా సార్లు, మా టీచరమ్మలు.

బడి ఉన్నంత మాత్రాన పిల్లవాడు బడిలో ఉండడు. మగపిల్లవాడి సంగతైతే మరీ. ఆడపిల్లల చదువుకు అడ్డంకులు లేవని నేననడం లేదు. ఉన్నాయి, వాటి మీద పోరాటం ఇంకా సాగుతూనే ఉంది. కానీ సాంచెల వాడలో మగపిల్లవాడికి వేరే ప్రమాదం ఒకటి కాచుకుని ఉంటుంది. పదమూడు పద్నాలుగేళ్లు వచ్చేసరికి వాడి చేతికి ధర పలుకుతుంది. కండెలు చుట్టొచ్చు, తెగిన పోగు ముడి వేయొచ్చు, తాకాలు, అంటే బట్ట తానులు, మోయొచ్చు. వారం తిరిగేసరికి వాడు తెచ్చే పగార్‌తో, అంటే కూలి డబ్బుతో, ఇంటి కిరాయిలో కొంత తీరుతుంది. చదువు ఇచ్చే ఫలం పదేళ్లకు గానీ కనిపించదు. కష్టంలో ఉన్న ఇల్లు పదేళ్ల తర్వాతి సంగతి ఎక్కడ ఆలోచిస్తుంది?

ఇది మా ఒక్క వాడ గోడు కాదు. మగపిల్లలు చదువుకు దూరమవుతున్న తీరు మీద 2022లో యునెస్కో ఒక నివేదిక తెచ్చింది. ప్రాథమిక, మాధ్యమిక వయసులో ఉండి బడి బయట ఉన్న మగపిల్లలు ప్రపంచంలో 13.2 కోట్ల మంది అని అది లెక్కగట్టింది. పేదరికం, చిన్నతనంలోనే పనికి వెళ్లాల్సి రావడం అందుకు పెద్ద కారణాలని చెప్పింది. మన దేశంలో చట్టాలూ ఉన్నాయి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు అంది. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. కానీ చట్టం కాళ్లతో నడిచి పిల్లవాడి గుమ్మం దాకా రాదు. వచ్చేది పంతులే.

మా సారు అలాగే వచ్చారు. ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

1980ల చివరి మాట. నేను ఏడో తరగతి. అప్పుడు ఇక్కడ ప్రాథమిక బడి ఏడుతో ముగిసేది. మా అక్క పెళ్లికి చేసిన అప్పు మీద వడ్డీ పెరుగుతోంది. ఒక సోమవారం నాన్న నన్ను బడికి కాకుండా తనతోపాటు ఖాతాకు తీసుకెళ్లాడు. కండెలు చుట్టే మర దగ్గర కూర్చోబెట్టాడు. మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం తలెత్తి చూస్తే గుమ్మంలో మా లెక్కల సారు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. అక్కడ పనిచేసేవాళ్లు ఎవరూ చెప్పులు విడవరు. ఆయన ఎందుకు విడిచారో అప్పుడు నాకు అర్థం కాలేదు. పని జరిగే చోటు ఆయనకు గుడిలాంటిదని పెద్దయ్యాక అనిపించింది. ఆయన తండ్రి కూడా నేతపనివాడే.

సాంచెలు నడుస్తుంటే లోపల మనిషి మాట మనిషికి వినపడదు. పెదాలు చూసి, చేతి సైగ చూసి అర్థం చేసుకోవాలి. సారు ఏదో అన్నారు, నాకు తెలియలేదు. అప్పుడాయన కిటికీ దగ్గరికి వెళ్లారు. కిటికీ గట్టు మీద నూలు దుమ్ము మందంగా పేరుకుని ఉంది. అందులో చూపుడు వేలితో రాశారు: "రేపు లెక్కల పరీక్ష."

నేను చదివాను. నాన్న నా పక్కకొచ్చి, ఆ రాతను చూసి, నా చెవి దగ్గర గట్టిగా అడిగాడు, "ఏం రాసిండ్రా?" అని. మా నాన్నకు చదువు రాదు. నేను చదివి చెప్పాను. నాన్న కాసేపు ఆ దుమ్ములోని అక్షరాల వంకే చూశాడు. తర్వాత సారును తీసుకుని బయటికి నడిచాడు.

బయట ఏం మాట్లాడుకున్నారో గుమ్మం దగ్గర నిలబడి కొంత విన్నాను. "సారూ, ఇంత ఎండల మీరెందుకొచ్చిన్రు? కబురంపితే నేనే వస్తుంటి గద," అన్నాడు నాన్న. "కబురుతో అయ్యే పనైతే పంపేవాణ్నే," అన్నారు సారు. అప్పు సంగతి నాన్న చెప్పాడు. సారు అంతా విన్నారు. చదువు గొప్పదని ఉపన్యాసం ఇవ్వలేదు. "హాజరు పట్టీలో వీడి పేరు నేను కొట్టెయ్యలేదు. పరీక్షలయ్యేదాకా కొట్టెయ్యను. రోజూ పిలుస్తాను. పలికేవాడు లేకపోతే ఆ గదిలో నలభైమంది వింటారు," అన్నారు. మరునాడు నేను పరీక్ష రాశాను. వారం రోజులు సాయంత్రం పూట ఆయన మా ఇంటి మీదుగా వెళ్లారు, ఊరికే పలకరించినట్టు. అప్పు తీరడానికి మరో నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ మా అమ్మ ఇంట్లో చీరలకు రాళ్లు అంటించే పని చేసింది. నేను మళ్లీ ఖాతాలో కూర్చోలేదు.

ఇక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. మా బల్ల మీద నా పక్కన కూర్చునే స్నేహితుడు అదే ఏడాది ఖాతాకు వెళ్లాడు. సారు వాళ్లింటికీ వెళ్లారు. నాలుగుసార్లు వెళ్లారు. వాడు తిరిగి రాలేదు. తండ్రి మంచాన ఉన్నాడు, తర్వాత ముగ్గురు చిన్నవాళ్లు. వాడు ఇవాళ్టికీ సాంచె నడుపుతున్నాడు. చెవులు సరిగా వినపడవు. ఎదురుపడితే నా పెదాల వైపు చూస్తూ మాట్లాడతాడు. వాడి కొడుకు మాత్రం చదువుతున్నాడు. సారు పేరు తలిస్తే వాడు నాకంటే ముందు దండం పెడతాడు. తన కోసం ఒక పెద్దమనిషి నాలుగుసార్లు మెట్లెక్కి వచ్చాడన్న సంగతి వాడు మరిచిపోలేదు.

పంతులు పని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు వీడే గుర్తొస్తాడు. మనం గెలిచినవాణ్ని చూపించి పంతులును పొగుడుతాం. గెలవని చోటికీ ఆయన నడిచి వెళ్లాడు కదా, ఆ నడక లెక్కలోకి రావాలి.

సూరత్‌కు ఇలాంటి పంతుళ్లు కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఊళ్లో దుర్గారామ్ మంఛారామ్ మెహతా అనే బడిపంతులు ఉండేవాడు. 1809లో పుట్టాడు. పిల్లలకు పాఠం చెబుతూనే, పెద్దల మూఢనమ్మకాల మీద, వితంతువుల దుస్థితి మీద గొంతెత్తాడు. 1844లో మిత్రులతో కలిసి మానవ ధర్మ సభ స్థాపించాడు. గుజరాత్‌లో తొలి సంస్కరణ సంఘాల్లో అదొకటి. చిన్న నర్మద్ ఆయన బడిలో చదువుకున్నవాడే. ఆ నర్మదే పెరిగి పెద్దవాడై, తానూ పంతులు ఉద్యోగం చేసి, 1858లో అది వదిలి కలం పట్టాడు. ఇవాళ ఇక్కడి విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉంది. దుర్గారామ్ జీవిత చరిత్రను సూరత్‌లోనే పుట్టిన విద్యావేత్త మహీపత్‌రామ్ రూప్‌రామ్ పుస్తకంగా రాశాడు. ఒక బడిపంతులుకు అంతకంటే పెద్ద సన్మానం ఏముంటుంది?

దుర్గారామ్‌ను ఊరు మెహతాజీ అని పిలిచేది. ఆ రోజుల్లో గుజరాతీలో మెహతాజీ అంటే పంతులు. నేను రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. సేట్ నన్ను మెహతాజీ అనే పిలుస్తాడు. ఇప్పుడు ఆ మాటకు మార్కెట్లో గుమాస్తా అని అర్థం. ఎవరైనా నన్నలా పిలిచినప్పుడు, ఈ పిలుపు మా సారుది కదా అనుకుంటాను. ఆయన నేర్పిన లెక్కలతోనే కదా ఆ పేరు నాకు వచ్చింది.

గుజరాత్‌లోనే భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టారు. బెత్తం లేకుండా, కథలతో, ఆటలతో చదువు చెప్పవచ్చని చేసి చూపారు. ఆయన్ను జనం మీసాల అమ్మ అనేవారు. మగపిల్లలకు చదువు చెప్పేవాడికి ఆ బిరుదు ఎంత తగినదో సాంచెల వాడలో పనిచేసిన ఏ సారునడిగినా చెబుతారు. పన్నెండేళ్లు దాటిన కుర్రవాడు ఏడవడం మానేస్తాడు. కష్టం వస్తే చెప్పడు, బడికి రావడం మానేస్తాడు. వాడి మౌనాన్ని చదవాలంటే అమ్మ మనసు కావాలి. మన గిడుగువారు పర్లాకిమిడిలో సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలో పుస్తకాలు తయారుచేసి, బడులు పెట్టించారు. పిల్లవాణ్ని తన భాషలోకి లాక్కోకుండా తానే పిల్లవాడి భాషలోకి వెళ్లిన గురువు ఆయన. సూరత్ తెలుగు బడిలో పనిచేసే పంతులు ఈ ఇద్దరి దారిలోనూ నడవాల్సిందే.

ఎందుకంటే ఆయన తరగతి గది మామూలు గది కాదు. ఇంట్లో తెలంగాణ యాస, పాఠ్యపుస్తకంలో పుస్తకాల తెలుగు, వీధిలో హిందీ, మరాఠీ, ఆఫీసులో గుజరాతీ. 2023లో వచ్చిన చట్టంతో గుజరాత్ బడులన్నిటిలో ఒకటి నుంచి ఎనిమిది దాకా గుజరాతీ నేర్పడం తప్పనిసరి అయింది. అది మంచిదే, ఉన్న ఊరి భాష రావాలి. ఈ భాషల మధ్య వంతెన కట్టే పని కూడా ఈ పంతుళ్ల మీదే పడింది. పంచాంగాలూ రెండు. గుజరాత్‌లో పెద్ద పండుగ సెలవులు దీపావళికి. మనవాళ్లు ఊరికి వెళ్లేది బతుకమ్మకు, దసరాకు. పాఠాలు నడుస్తుండగానే సగం తరగతి రైలెక్కుతుంది. తిరిగొచ్చిన పిల్లలకు వెళ్లిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. కొందరు అక్కడే ఆగిపోతారు, సంక్రాంతికి వస్తారు. పేరు కొట్టెయ్యకుండా నిలబెట్టడం ఆ పంతులు రోజూ చేసే నిశ్శబ్దపు పోరాటం.

ఇప్పుడు ప్రాథమిక బడి ఎనిమిదితో ముగుస్తుంది. తొమ్మిదో తరగతికి పిల్లవాడు బడి మారాలి. కొందరు భాష కూడా మారాలి. నగరపాలక సంస్థ సుమన్ పేరుతో ఉన్నత పాఠశాలలు నడుపుతోంది. దారి ఉంది. కానీ ఎనిమిది ముగిసిన ఏప్రిల్‌కు, తొమ్మిది మొదలయ్యే జూన్‌కు మధ్య ఎండాకాలం సెలవులున్నాయి. మగపిల్లలు జారిపోయేది ఆ సందులోనే. సెలవుల్లో ఊరికే ఎందుకు తిరగడం, రెండు నెలలు ఖాతాకు పోనీ అంటారు. జూన్‌లో బడి గంట మోగినప్పుడు వాడి చేతిలో వారం పగార్ ఉంటుంది. విద్యాహక్కు చట్టం వయసు కూడా సరిగ్గా అక్కడే ముగుస్తుంది. అంటే చట్టం చెయ్యి వదిలిన చోట పిల్లవాణ్ని పట్టుకోవాల్సింది మనమే.

ఇక సన్మానం మాటకొస్తాను. మన దేశంలో ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు 1958లో మొదలయ్యాయి. రాధాకృష్ణన్‌గారు రాష్ట్రపతి అయిన 1962 నుంచి ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. శాలువా కప్పడం, దండ వేయడం, జ్ఞాపిక ఇవ్వడం మన మర్యాద. అది ఉండాలి. బట్ట నేసి బతికే వాడలో గురువు భుజం మీద బట్ట కప్పడానికి ఒక అందం కూడా ఉంది. కానీ మా సారు పదవీ విరమణ సభలో ఆయన తన వంతు వచ్చినప్పుడు శాలువాను మడిచి కుర్చీ మీద పెట్టి, జేబులోంచి ఒక కాగితం తీసి చదివారు. ఆ ఏడాది ఎనిమిది పూర్తిచేసి తొమ్మిదిలో చేరని మగపిల్లల పేర్లు. పదకొండు పేర్లు. చదివి, "వీళ్లను మీకు అప్పగిస్తున్నాను," అని కూర్చున్నారు. చప్పట్లు కొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఆ పదకొండుమందిలో ఏడుగుర్ని ఆ సంవత్సరం మళ్లీ బడిలో వేయగలిగాం. ఎలాగంటే, ఒక్కొక్క పేరును ఒక్కొక్కరం పంచుకున్నాం. సారు ఎలా వెళ్లేవారో అలాగే వెళ్లాం. ఆ పని చేసినప్పుడు గానీ ఆయన ముప్పై ఏళ్లు ఏం చేశారో మాకు తెలిసి రాలేదు. ఆయనకు జరిగిన అసలు సన్మానం అదేనని నా నమ్మకం.

అందుకే సూరత్‌లోనే కాదు, షోలాపూర్‌లో, భివండిలో, సిరిసిల్లలో, మగపిల్లల చేతికి తొందరగా పని దొరికే ప్రతి ఊళ్లో ఉన్న తెలుగువాళ్లకు నా విన్నపం ఇది.

సెప్టెంబరు 5న పంతుళ్లను సన్మానించండి. ఆ వేదిక మీద పెద్దల ఉపన్యాసాలు కొంచెం తగ్గించి, ఆ పంతులు వెనక్కి తెచ్చిన పాత విద్యార్థుల్ని పిలిపించండి. వాళ్ల నోటితో వాళ్లను చెప్పనివ్వండి. ఏ పంతులు ఏ ఇంటి మెట్లెక్కాడో అప్పుడు గానీ ఊరికి తెలియదు. ఆ మాటల్ని ఎవరైనా ఒకరు రాసి పెట్టండి. మహీపత్‌రామ్ రాశాడు కాబట్టి దుర్గారామ్ మెహతాజీ మనకు మిగిలాడు.

కులసంఘాల పెద్దలకు ఒక మాట. ఏటా ఏప్రిల్‌లో బడికి వెళ్లి, ఎనిమిది పూర్తిచేసిన పిల్లల జాబితా అడగండి. జూన్ నెలాఖరుకల్లా ప్రతి పిల్లవాడూ ఎక్కడ చేరాడో కనుక్కోండి. సంఘ భవనంలో ఒక గదిని సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా పిల్లల చదువుకు వదలండి. ఒకే గదిలో పగటి పాళీ, రాత్రి పాళీ మనుషులు పడుకునే ఇంట్లో పుస్తకం తెరిచే చోటు ఉండదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పండుగకు ఊరికి వెళ్లేముందు సారుకు చెప్పి వెళ్లండి. తిరిగొచ్చే తేదీ చెప్పండి. ఆ ఒక్క మాటతో పిల్లవాడి పేరు పట్టీలో నిలుస్తుంది. ఎండాకాలం రెండు నెలల పగార్ కోసం కొడుకును ఖాతా గుమ్మం ఎక్కించకండి. ఆ గుమ్మం ఎక్కడం తేలిక, దిగడం కష్టం. నేను నాలుగో రోజే దిగాను. నా స్నేహితుడు ముప్పై అయిదేళ్లు దాటినా దిగలేదు.

మా సారు ఇప్పుడు లేరు. ఆయనకు కప్పిన శాలువాలు ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఆయన చదివిన కాగితంలోని పదకొండు పేర్లు మాత్రం నాకు కంఠతా వచ్చు. ఈ రాత్రి మీ వీధిలో బడి మానేసిన ఒక కుర్రవాడి పేరు గుర్తుచేసుకోండి. రేపు వాళ్లింటికి వెళ్లండి.